ఖాళీ పేజీలు: ఒక ఎకనామిక్స్ పేపర్‌ను అందరికీ అందేలా మార్చిన కేస్ స్టడీ

విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. కోవిడ్ రోజుల నుంచి మా డిపార్ట్‌మెంట్ ఆన్‌లైన్ మెటీరియల్ చూసుకునే పని కూడా నాదే. 2024 జూన్‌లో మొదలైన సెమిస్టర్‌లో మైక్రో ఎకనామిక్స్ నోట్సు మొత్తాన్ని మార్చాం. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, చేతులు సరిగా ఆడని పిల్లలు కూడా ఇంకొకరి మీద ఆధారపడకుండా చదువుకోవాలన్నది ఉద్దేశం. ఏం చేశామో, ఎక్కడ తప్పటడుగు వేశామో, ఏం మిగిలిపోయిందో రాస్తున్నాను. ఈ విషయం మీద దొరికే సలహాలు చాలావరకు ఇంగ్లీషు ఫైళ్ల కోసం రాసినవి. మన తెలుగు ఫైళ్ల జబ్బులు వేరు.

ఆ బ్యాచ్‌లో మాకు నలుగురు ఉన్నారు. పుట్టుకతో చూపు లేని అబ్బాయి ఒకడు, సింగ్ నగర్ నుంచి వచ్చేవాడు. చూపు బాగా తక్కువైన అమ్మాయి, ఫోన్ ముక్కుకు ఆనించి చదివేది. వినపడని అమ్మాయి ఇంకొకరు. సెరిబ్రల్ పాల్సీ వల్ల చేతులు సరిగా ఆడని అబ్బాయి నాలుగోవాడు. నలుగురినీ అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను.

"మేడం, ఫైల్ ఖాళీగా ఉంది"

జూన్ చివర్లో ఐదు యూనిట్ల నోట్సూ మూడిల్‌లో, అంటే మా ఆన్‌లైన్ క్లాసు సైట్‌లో పెట్టి, క్లాసు వాట్సాప్ గ్రూపులో లింకు పంపాను. మర్నాడు చూపులేని అబ్బాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మేడం, మీరు పెట్టిన ఫైల్ ఖాళీగా ఉంది." అప్‌లోడ్‌లో ఏదో తేడా వచ్చిందనుకుని నా ఫోన్‌లో తెరిచాను. పద్నాలుగు పేజీలూ శుభ్రంగా ఉన్నాయి. "అన్నీ ఉన్నాయి నాన్నా, చూడు" అనేశాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక నాకే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఇద్దరం లైబ్రరీలో కూర్చున్నాం. అతని ఫోన్‌లో, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను స్పీకర్‌లో పెట్టాడు. "పేజీ ఒకటి" అంది గొంతు. తర్వాత ఏమీ లేదు. వేలితో తోశాడు. "పేజీ రెండు." మళ్లీ నిశ్శబ్దం. ఆ నోట్సు మా సీనియర్ మాస్టారి చేతిరాత. ఫోన్‌తో ఫోటోలు తీసి పీడీఎఫ్ చేశాం. నా కంటికి అక్షరాలు, ఫోన్‌కు మాత్రం పద్నాలుగు బొమ్మలు.

రెండో యూనిట్ డీటీపీ చేయించినది, అందమైన తెలుగు ఫాంటు. ఇది తప్పక చదువుతుందనుకున్నాను. గొంతు చదివింది కూడా. కానీ వినపడింది డాలర్, బ్రాకెట్, స్లాష్, విడివిడి ఇంగ్లీషు అక్షరాలు. అతను కంగారు పడలేదు. "మా పదో తరగతి గైడ్లు కూడా ఇట్లాగే ఉండేవి మేడం" అన్నాడు. మరి ఇన్నాళ్లూ ఎలా చదివావంటే, అక్క చదివి రికార్డు చేసి ఇచ్చేదట. అక్కకు పెళ్లయి గుడివాడ వెళ్లిపోయాక, రాత్రి పనులన్నీ అయ్యాక వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టేదట. ఒక మనిషి నిద్ర మానుకుంటే తప్ప ఈ అబ్బాయికి పాఠం అందని పరిస్థితిని మేం మెటీరియల్ అని పిలుస్తున్నాం.

ఆ వారం ఐదు యూనిట్లనూ వినిచూశాం. రెండు ఫోటోలు, రెండు పాత ఫాంట్లు. గొంతు చక్కగా చదివింది ఒక్కటే. కొత్తగా చేరిన గెస్ట్ లెక్చరర్ ఫోన్‌లో టైప్ చేసి, ఏ అలంకారమూ లేకుండా పెట్టినది. దాన్నే "బాగోలేదు, తర్వాత నీట్‌గా డీటీపీ చేయిద్దాం" అని మేం అనుకున్నాం.

తెలుగు అక్షరం లోపల ఏముంది

పాత డీటీపీ ఫాంట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన దగ్గర అసలు గోడ ఇదే. ఆ ఫాంట్లలో తెర మీద "ధర" అని కనపడుతుంది. కంప్యూటర్ లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు తొడుగు వేస్తుంది. కంటికి తొడుగు కనపడుతుంది, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్‌కు లోపలిది వినపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ప్రతి తెలుగు అక్షరానికీ దానిదంటూ ఒక సంఖ్య ఉంది. "ధ" ఏ ఫాంటులో వేసినా "ధ"నే.

గవర్నర్‌పేటలో మా కాలేజీ పనులు చేసే డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి ఆపరేటర్‌ది పాతికేళ్ల అనుభవం. "మేడం, యూనికోడ్‌లో ఒత్తులు నీట్‌గా కూర్చోవు, పేజీ అందం పోతుంది" అన్నారు. వాదన పెట్టుకోలేదు. ఫోన్ తీసి ఆయన చేసిన రెండో యూనిట్‌నే వినిపించాను. డాలర్, బ్రాకెట్, స్లాష్. ఆయన మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. "నేను కొట్టింది ఇట్లా చదువుతుందా?" అన్నారు. కాసేపాగి, "మీరు స్కాన్లూ అవీ ఏం చేయకండి, మీ కాలేజీ ఫైళ్లు నా దగ్గర పాతవన్నీ ఉన్నాయి" అని హార్డ్ డిస్క్ తీశారు.

ఇది మాకు పెద్ద మేలు చేసింది. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్ పెట్టడం (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో గుర్తుపట్టించడం) కన్నా, అసలు ఫైల్ తెచ్చి కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం ఎంతో నయం. కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే ముందు చెప్పేది ఇదే: స్కానర్ దగ్గరికి వెళ్లే ముందు టైప్ చేసినాయన దగ్గరికి వెళ్లండి. తన వేళ్లకు అలవాటైన కీబోర్డు పద్ధతిలోనే యూనికోడ్ కూడా కొట్టొచ్చని తెలిశాక ఆయన మాకు కొత్త పనులన్నీ అలాగే చేస్తున్నారు.

చేతిరాత నోట్సుకు వేరే దారి. మాస్టారికి టైపింగ్ రాదు. ఫోన్‌లో జీబోర్డు కీబోర్డు మైకు నొక్కి తన నోట్సు తానే చదివారు, అది టైప్ చేసుకుపోయింది, నేను దిద్దాను. పాతికేళ్లుగా చెబుతున్న పాఠం కాబట్టి చదువుతూ చదువుతూ కాగితంలో లేని ఉదాహరణలు కూడా చెప్పారు. వాటినీ ఉంచేశాం.

చెవి పట్టేది, కన్ను పట్టేది

మార్చిన ఫైళ్లను ప్రూఫ్ చూసేటప్పుడు నేను ఒక తప్పు చేశాను. కంటితో చదివితే దొరకని తప్పులు వింటే దొరుకుతున్నాయి. ఉదాహరణకు "పునఃపంపిణీ"లో విసర్గ బదులు కోలన్ కొట్టేయడం మన టైపింగ్‌లో మామూలు. కంటికి తేడా తెలియదు, స్క్రీన్ రీడర్ మాత్రం మాటను అక్కడ రెండు ముక్కలు చేస్తుంది. అక్షరం పక్క సున్న (ం) ఉండాల్సిన చోట అంకె 0 పడితే చెవికి వెంటనే తెలుస్తుంది. "రూ.40/-" అని ఉంటే పాయింటు, స్లాష్, డాష్ అన్నీ వినాల్సి వస్తుంది, అందుకే "40 రూపాయలు" అని మార్చాం. ఇవన్నీ చూసి, ఇక చెవితోనే ప్రూఫ్ చూస్తే చాలని నిర్ణయించేశాను.

ఆగస్టులో చూపు తక్కువైన అమ్మాయి, అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదువుతూ, "మేడం, ఇది అర్ధశాస్త్రమా, అర్థశాస్త్రమా?" అని అడిగింది. కన్వర్టర్‌తో మార్చిన కొన్ని పేజీల్లో "థ" అంతా "ధ" అయిపోయింది. కొన్నిచోట్ల "ధర" కాస్తా "దర" అయింది. విన్నప్పుడు ఈ తేడా నాకు తట్టలేదు. చూపులేని విద్యార్థికి అక్షరక్రమం తెలిసేది ఈ ఫైళ్ల నుంచే. మేం తప్పు రాసిస్తే రేపు తను సొంతంగా టైప్ చేసేటప్పుడు ఆ తప్పే రాస్తాడు, అది అతని తప్పుగా లెక్కేస్తారు. అప్పటి నుంచి ప్రతి యూనిట్‌నూ ఒకరు కంటితో, ఒకరు చెవితో, ఇద్దరు వేర్వేరు మనుషులు చూస్తున్నారు.

నోట్సులో ఇంగ్లీషు, తెలుగు కలిసే ఉంటాయి. పేపర్ ఇంగ్లీషు మీడియమే అయినా పిల్లలకు తలకెక్కేది తెలుగు వివరణ. అందువల్ల ఏ పేరా ఏ భాషో ఫైల్‌లో గుర్తు పెట్టాలి. వర్డ్‌లో ఆ భాగాన్ని సెలెక్ట్ చేసి ప్రూఫింగ్ లాంగ్వేజ్ తెలుగు అని ఎంచుకుంటే చాలు. లేకపోతే కొన్ని ఇంగ్లీషు గొంతులు తెలుగు రాగానే మూగబోతాయి. హెడ్డింగులను కూడా బోల్డ్ చేసి సైజు పెంచి వదిలేయకుండా హెడ్డింగ్ స్టైల్ పెట్టాలి. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు హెచ్ కీ నొక్కుతూ హెడ్డింగు నుంచి హెడ్డింగుకు వెళ్లగలుగుతారు. చూసేవాళ్లు పేజీలు తిరగేయడం లాంటిదే అది. వర్డ్ నుంచి పీడీఎఫ్ చేసేటప్పుడు సేవ్ యాజ్‌తో చేయాలి, ప్రింట్ టు పీడీఎఫ్‌తో చేస్తే ఈ హెడ్డింగులన్నీ పోతాయి. ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. ఆఫీసు వాళ్లు "లైసెన్స్ ఎంత?" అని అడిగినప్పుడు ఈ ఒక్క ముక్కతో ఫైల్ కదిలింది.

"నలుగురే కదా"

జులైలో మీటింగులో ఈ మాట వచ్చింది. తప్పుగా అన్నారని నేననను. సిబ్బంది తక్కువ, పరీక్షల పని తలకు మించి ఉంది. నేను రెండు విషయాలు చెప్పాను. ఒకటి చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది, అంతకుముందు 1995 చట్టంలో ఏడే ఉండేవి. 2022లో యూజీసీ ఉన్నత విద్యాసంస్థల కోసం యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. కాపీరైట్ గురించి ఒకరు భయపడ్డారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వికలాంగులు వాడుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకునే వీలు కల్పించారు. చూపులేని వాళ్ల కోసం చేసిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే.

రెండోది, ఆ గదిలో ఎక్కువ పనిచేసింది కూడా ఇదే: అబ్బాయి ఫోన్‌లో రికార్డు చేసుకున్న వాళ్లక్క గొంతు. అతని అనుమతితో అర నిమిషం వినిపించాను. వెనక కుక్కర్ విజిల్ వినపడుతుంటే ఆవిడ "వినియోగదారుని మిగులు" అని కూడబలుక్కుని చదువుతోంది. ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారు నాకు వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించారు.

బుడమేరు పొంగినప్పుడు

సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచేశాయి. చూపులేని అబ్బాయి కుటుంబం పక్కింటి మేడ మీదికి ఎక్కింది. ఎంతో కష్టపడి సంపాదించుకున్న ల్యాప్‌టాప్, కింద బీరువాలో ఉన్న బ్రెయిలీ పుస్తకాలు నీళ్లలో పోయాయి. చేతిలో ఉన్న ఫోన్ ఒక్కటే మిగిలింది. వారం దాటాక ఫోన్ చేసి, "మేడం, నోట్సు ఫోన్‌లో వినొచ్చా?" అని అడిగాడు.

అప్పటిదాకా మేం చేసినవన్నీ పీడీఎఫ్‌లే, కంప్యూటర్‌ను మనసులో పెట్టుకుని చేసినవే. ఫోన్ మీద పీడీఎఫ్ నడక కష్టం. ఆ నెలంతా కూర్చుని అన్ని యూనిట్లనూ ఈపబ్ అనే ఈ-బుక్ రూపంలోకి మార్చాం. గూగుల్ డాక్స్‌లో పెట్టి ఈపబ్‌గా డౌన్‌లోడ్ చేస్తే సరిపోయింది. హెడ్డింగులు ముందే సరిగా పెట్టుకోవడం వల్ల పెద్ద శ్రమ కాలేదు. ఫైల్ సైజు కూడా చిన్నదై, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోటా దిగింది.

దీనివల్ల ఎక్కువ సుఖపడింది చూపు తక్కువైన అమ్మాయి. పీడీఎఫ్‌ను పెద్దది చేస్తే ప్రతి లైనుకూ తెరను అటూ ఇటూ జరపాలి. ఈపబ్‌లో అక్షరం పెరిగేకొద్దీ లైను తనంతట తాను సర్దుకుంటుంది. నల్ల తెర మీద పసుపు అక్షరాలు పెట్టుకుంది. లైన్ల మధ్య దూరం పెంచుకుంది. తెలుగుకు ఈ దూరం చాలా ముఖ్యం. "శాస్త్రం"లో స కింద ఉన్న ఒత్తులు కింది లైను తలకట్లకు తగిలితే రెండు లైన్లూ అలుక్కుపోతాయి. మేం మోజుపడి పెట్టిన లేత ఆకుపచ్చ హెడ్డింగులు తనకు అసలు కనపడనే లేదట. అక్షరానికీ వెనకటి రంగుకీ మధ్య మామూలు సైజుకైతే కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకైతే 3కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మా ఆకుపచ్చ దాని దరిదాపుల్లో లేదు.

ఊలు దారంతో డిమాండ్ రేఖ

ఎకనామిక్స్‌లో గీతలు లేకుండా పాఠం లేదు. మొదట డిమాండ్ రేఖ బొమ్మ కింద "ఎడమ నుంచి కుడికి కిందికి వాలే రేఖ" అని వర్ణన రాసి పని అయిపోయిందనుకున్నాను. పుట్టుకతో చూపులేని అబ్బాయికి ఆ వాక్యం అక్షరాలా అర్థమైంది, అయినా ఏమీ అందలేదు. అందుకని ముందు పట్టిక ఇచ్చాం. పటమట రైతు బజార్‌లో టమాటా కిలో 20 రూపాయలైతే ఒక ఇల్లు వారానికి 4 కిలోలు, 40 అయితే 2 కిలోలు, 60 అయితే కిలో కొంటుందనుకుందాం అని. పట్టికను వరసగా వింటే సంబంధం అర్థమవుతుంది. దాని తర్వాతే బొమ్మ మాట.

ఒక చార్టు అట్ట మీద అక్షాలకు పుల్లలు, రేఖకు ఊలు దారం అంటించి ఇచ్చాను. అతను కుడిచేతి చూపుడువేలు దారం మీద పెట్టి, ఎడమచేతిని కింది పుల్ల మీద ఉంచి, రెండింటినీ ఒకేసారి జరిపాడు. రెండు మూడుసార్లు వెళ్లి వచ్చాడు. తర్వాత దారం చివర వేలు ఆపి, "మేడం, ఇది కింద పుల్లకు తగలదేం? ధర సున్నా అయితే ఎంత కొంటారు?" అన్నాడు. పదహారేళ్ల సర్వీసులో బ్లాక్‌బోర్డు మీద ఆ రేఖ ఎన్నిసార్లు గీసి ఉంటానో. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆ పీరియడ్ మొత్తం దాని మీదే మాట్లాడుకున్నాం, మిగతా క్లాసు కూడా అట్టను చేతుల్లోకి తీసుకుని చూసింది.

సూత్రాలన్నీ బొమ్మలుగా ఉండేవి. వాటిని మాటల్లో రాశాం: "డిమాండ్ పరిమాణంలో వచ్చిన శాతం మార్పును, ధరలో వచ్చిన శాతం మార్పుతో భాగించాలి." చూడగలిగే పిల్లలు కూడా దీన్నే రాసుకుంటున్నారు.

"ఇది ఇలా వస్తే"

వినపడని అమ్మాయి కోసం వీడియోలకు తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టాం. చేత్తో టైప్ చేసినవే. నా 42 నిమిషాల వీడియోను శబ్దం ఆపేసి చూశాను. సగం సేపు బోర్డు వైపు తిరిగి ఉన్నాను. సబ్‌టైటిల్‌లో "ఇదిగో, ఇది ఇలా వస్తే అది అటు జరుగుతుంది" అని పడుతోంది. అదే వీడియోను తర్వాత కళ్లు మూసుకుని విన్నాను. ఆ వాక్యం అక్కడా ఏమీ చెప్పలేదు. ఒకే వాక్యం ఇద్దరినీ వదిలేసింది. "ధర పెరిగితే డిమాండ్ పరిమాణం తగ్గుతుంది" అని పేరు పెట్టి చెబితే ఇద్దరికీ అందుతుంది. వీడియోలన్నీ మళ్లీ తీశాను, ఒక్కొక్కటి ఎనిమిది నిమిషాలకు మించకుండా.

ఆ అమ్మాయి వాట్సాప్‌లో ఇలా రాసింది: "సబ్‌టైటిల్ చదివితే బోర్డు మిస్. బోర్డు చూస్తే సబ్‌టైటిల్ మిస్." అందుకే కొత్త వీడియోల్లో ఒక గీత గీశాక నేను నాలుగైదు సెకన్లు ఊరుకుంటాను. తన మొదటి భాష సంజ్ఞా భాష. మనం అలవాటుగా రాసే "పెరిగినందువల్ల తగ్గకపోయినట్లయితే" లాంటి వాక్యం తనకు రెండు భాషలు దాటి రావాలి. సబ్‌టైటిల్స్‌లో అలాంటివి విడగొట్టాం. మొదటి యూనిట్ తర్వాత అర్థమయిందా అంటే "సగం" అని చేత్తో చూపించింది. మూడో యూనిట్‌కు బొటనవేలు ఎత్తింది. అయినా ఇంటర్‌ప్రెటర్ లేని లోటు సబ్‌టైటిల్స్‌తో తీరదు. సాంకేతిక పదాలకు వేళ్లతో ఒక్కో అక్షరం చూపించుకోవాల్సి వస్తోంది. సెమిస్టర్ అంతా మాకు దొరికింది రెండు రోజుల ఇంటర్‌ప్రెటర్ మాత్రమే. ఇది మేం చేయలేకపోయిన పని.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న అబ్బాయి సమస్య వారంలో తీరింది. క్విజ్‌లో జవాబును మౌస్‌తో లాగి పెట్టే ప్రశ్నలు తీసేసి మామూలు మల్టిపుల్ ఛాయిస్ పెట్టాం. మూడిల్‌లో యూజర్ ఓవర్‌రైడ్ అనే సదుపాయంతో అతనికి గంటకు 20 నిమిషాలు అదనంగా ఇచ్చాం. రాతపరీక్షలకు కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న లెక్కే అది. అడగడానికి మొహమాటపడి ఏడాదిపాటు సగం క్విజ్‌లు వదిలేశాడని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నడుస్తున్న తీరు

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నోట్సు ఫోటో గ్రూపులో పెడితే, దాని కిందే టైప్ చేసిన ముక్కో, తీరిక లేకపోతే చదివిన వాయిస్ మెసేజో ఉండాలి. పరీక్ష ముందు రాత్రి పదకొండింటికి "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" ఫోటో పెట్టడమే అన్నిటికన్నా మొండి అలవాటు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎవరైనా పెడితే పిల్లల్లోనే ఒకరు టైప్ చేసి పెడుతున్నారు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేని వాళ్లు బ్యాంకు కేవైసీ దగ్గర పడుతున్న ఇబ్బందుల మీద వచ్చిన కేసు అది. ఆ వార్తను ఆ చూపులేని అబ్బాయే గ్రూపులో పెట్టాడు, టైప్ చేసి.

స్టాటిస్టిక్స్ పేపర్ ఇంకా ముట్టుకోలేదు. పట్టికల్లో కలిపేసిన గడులు ఉన్నాయి, వాటిని స్క్రీన్ రీడర్ వరస తప్పి చదువుతోంది, ఒక్కోదాన్నీ విడగొట్టాలి. దానికన్నా ముందు డిమాండ్, సప్లయి రేఖలు రెండూ ఒకే అట్ట మీద కావాలని చూపులేని అబ్బాయి అడిగాడు. రెండు రంగుల ఊలు అతనికి పనికిరాదు, రెండు మందాలు కావాలి. బుధవారం వస్తానన్నాడు. ఈలోపు బీసెంట్ రోడ్డుకు వెళ్లి సన్నదొకటి, లావుదొకటి తేవాలి.